కళాశాలలందు రసాయన శాస్త్ర పాఠ్యక్రమము: చిత్తూరు సీమలో ప్రమాణ విచారము

విద్యాచరిత్రను వ్రాయువారు సాధారణముగా కళాశాలల స్థాపనలను, శాసనములను, సంఘముల నివేదికలను వరుసగా పేర్కొని విరమింతురు. తరగతి గదిలో నేమి బోధింపబడినది, ప్రయోగశాలలో విద్యార్థి తన చేతులతో నేమి చేసెను, పరీక్షలో నేది కొలవబడినది అను ప్రశ్నలు ఆ చరిత్రలందు అరుదుగా కానవచ్చును. ఒక శాస్త్రము ఒక ప్రాంతమున వేరూనినదా లేదా అనునది తేలునది ఈ ప్రశ్నలవలననే. ఈ వ్యాసమున తిరుపతి, చిత్తూరు, మదనపల్లె పట్టణములను కేంద్రములుగా గొని, కళాశాలలలోని రసాయన శాస్త్ర పాఠ్యక్రమము ఎవరిచే ఎట్లు నిర్ణయింపబడుచు వచ్చినదో, దాని ప్రమాణమును ఏ కొలతతో కొలువవలెనో విచారింతును.

తెలుగు శాఖకు చెందినవాడు రసాయన శాస్త్రమును గూర్చి వ్రాయుటేల యని కొందరు శంకింపవచ్చును. బోధనమునకు భాష ఆధారము. పరిభాష తెలుగు పండితుల చేతిమీదుగా వచ్చినది. విద్యార్థి తాను చేసిన ప్రయోగమును తన మాటలలో చెప్పగలడా లేడా అనునది భాషావిచారమునకును, శాస్త్రవిచారమునకును సమానముగా సంబంధించినది. కావున ఈ విషయమున మనకును కొంత బాధ్యత కలదు.

1. నిర్ణయాధికారము చేతులు మారిన తీరు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అప్పటి కళాశాల విద్య యంతయు 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయపు నీడలో నుండెను. 1915లో అనీబిసెంటు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పిరి. హోంరూలు ఉద్యమకాలమున ఆ కళాశాల కొంతకాలము మద్రాసు అనుబంధమునకు దూరమై, అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనెను. రవీంద్రనాథ ఠాకూరు 1919లో మదనపల్లెకు వచ్చుట ఈ సందర్భముననే జరిగెను. ఆ వృత్తాంతమును మనము జాతీయగీతపు ఆంగ్లానువాద ప్రసంగమున తలచుకొందుము. కాని విద్యాచరిత్ర దృష్టిలో దానికి వేరొక ప్రాముఖ్యము కలదు. ఒక పాఠ్యక్రమము మంచిదని ఎవరు చెప్పవలెను? రాజధానిలోని విశ్వవిద్యాలయమా, బోధించు కళాశాలయా? ఈ ప్రశ్న ఈ సీమలో మొదట వెలువడినది అక్కడనే. కళాశాల పిదప మద్రాసు అనుబంధమునకే మరలినది గాన, ప్రశ్నకు ఆనాడు లభించిన సమాధానము స్పష్టమే.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దాని మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ చిత్తూరు సమీపముననున్న కట్టమంచివారే. వారి పాలనలో వాల్తేరున విజ్ఞానశాస్త్ర శాఖలు బలపడినవి. రాయలసీమ మాత్రము కొలది కాలములోనే తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోనికి పోయినది. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము కావలెనన్న షరతు చేరుటకు ఈ వెలితియే కారణము. తిరుమల తిరుపతి దేవస్థానము 1945లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాలను స్థాపించుటతో ఈ దక్షిణ భాగమున ఉన్నతవిద్యకు ఒక స్థిరమైన నెలవు దొరకినది. 1952లో శ్రీ పద్మావతి మహిళా కళాశాల వెలసినది. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడగా, మరుసటి యేటనే, అనగా 1954లో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము గోవిందరాజులు నాయుడుగారు ప్రథమ ఉపాధ్యక్షులుగా ఆవిర్భవించినది. 1961లో చిత్తూరు పట్టణమున ప్రభుత్వ కళాశాల ప్రారంభమైనది.

ఇంతవరకు చరిత్ర ఒకే దిశలో సాగినట్లు తోచును. నిర్ణయాధికారము మద్రాసునుండి తిరుపతికి, దూరమునుండి దగ్గరకు వచ్చినది. దీని తరువాతి ఘట్టము మరింత గమనింపదగినది. విశ్వవిద్యాలయపు పరిధి మొదట రాయలసీమ యంతయు. 1981లో అనంతపురమున శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము, 2008లో నెల్లూరున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడుటతో, అనుబంధ కళాశాలల విషయమున తిరుపతి పరిధి ప్రధానముగా పూర్వపు చిత్తూరు జిల్లాకు తగ్గినది. ఒక సీమకు ఒక విశ్వవిద్యాలయ మన్న స్థితి ఏర్పడినది. ఆ సీమ నీటికి, నేలకు, పరిశ్రమలకు తగిన పాఠ్యక్రమమును నిర్మించుటకు ఇంతకన్న అనుకూల సమయము లేదు. కాని సరిగా ఆ దశాబ్దములలోనే పట్టపు తరగతుల పాఠ్యక్రమము 1988లో ఏర్పడిన రాష్ట్ర ఉన్నత విద్యామండలి రూపొందించు ఉమ్మడి చట్రములోనికి మారినది. 2015 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు ఐచ్ఛిక క్రెడిట్ పద్ధతి దేశమంతటికి ఒక నమూనాను చూపినది. పరిధి దగ్గరైన కొలది నిర్ణయము దూరమైనది. ఈ వైపరీత్యమే ఈ వ్యాసమునకు మూలము.

ఉమ్మడి పాఠ్యక్రమమునకు గల మేలును కాదనరాదు. తిరుపతినుండి కాకినాడకు మారిన విద్యార్థికి అది రక్ష. బలహీనమైన కళాశాల ఒక కనీసపు గీతకు దిగువకు పోకుండ కాపాడును. కాని కనీసపు గీతయే గమ్యముగా భావింపబడినప్పుడు చిక్కు మొదలగును.

2. మెట్లు మారిన తీరు

పాఠ్యక్రమపు ప్రమాణమును విచారించునప్పుడు దాని విషయసూచికను మాత్రమే చూచుట పొరపాటు. మెట్ల ఎత్తును గూడ చూడవలెను. మద్రాసు పద్ధతిలో విద్యార్థి పాఠశాలను ముగించి కళాశాలలో రెండేండ్లు ఇంటర్మీడియటు, రెండేండ్లు పట్టము చదివెడివాడు. రసాయన శాస్త్రమును మొదటి పాఠమునుండి చివరి పాఠమువరకు ఒకే కప్పు క్రింద, తరచుగా ఒకే ఉపన్యాసకులవద్ద, ఒకే ప్రయోగశాలలో నేర్చుటకు అందువలన అవకాశముండెను.

1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణగారు బాల్యమున తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదివినవారే. పండ్రెండేండ్ల పూర్వవిద్య, పిదప మూడేండ్ల పట్టము ఉండవలెనని ఆ సంఘము సూచించినది. ఆచరణలో, 1950వ దశకపు ఉత్తరార్ధమున, పూర్వవిద్య పండ్రెండేండ్లకు పెరుగక ఒక యేటి ప్రీ యూనివర్సిటీ తరగతి, మూడేండ్ల పట్టము ఏర్పడినవి. 1969-70లో రెండేండ్ల ఇంటర్మీడియటు మరల వచ్చినది. 1971లో దానికి ప్రత్యేకమైన బోర్డు ఏర్పడి, ఇంటర్మీడియటు విశ్వవిద్యాలయపు పర్యవేక్షణమునుండి తొలగినది.

ఈ మార్పునకు పాలనాదృష్టిలో కారణములున్నవి. రసాయన శాస్త్ర దృష్టిలో దాని ఫలితము వేరు. మూలకము, సంయోజకత, తుల్యభారము, సమతాస్థితి, ఆమ్లక్షారములు అను పునాది భావనలు ఒక సంస్థ చేతిలోను, వానిపై నిలుచు విశ్లేషణ, కర్బన సంశ్లేషణ, వర్ణపట విజ్ఞానము వేరొక సంస్థ చేతిలోను పడినవి. 1986లో ఎంసెట్ ప్రారంభమైన పిదప ఇంటర్మీడియటు రసాయన శాస్త్రము నానాటికి ప్రవేశపరీక్షకు సాధనమైనది. నాలుగు సమాధానములలో ఒకదానిని గుర్తించు నేర్పు పెరిగినది. బ్యూరెట్ పట్టుకొను నేర్పునకు ఆ పరీక్షలో మార్కు లేదు. అట్టి విద్యార్థి పట్టపు తరగతిలో చేరినప్పుడు పాఠ్యక్రమము వానికి పునాది యున్నదని భావించి పైమెట్టునుండి మొదలిడును. విషయసూచిక ఎదుగుచుండగా విద్యార్థి నిలిచిన చోటు దిగజారుట ఇట్లు జరుగును. సూచిక నొకదానినే చూచువారికి ఇది ప్రమాణాభివృద్ధిగా కనబడును.

3. ప్రయోగశాల: లవణ విశ్లేషణమొక నిదర్శనము

రసాయన శాస్త్రమును ప్రయోగశాలలో నేర్పవలెనన్న సంప్రదాయమునకు మూలపురుషుడు జర్మనీలోని లీబిగ్. 1824లో గీసెన్ విశ్వవిద్యాలయమున చేరిన పిదప ఆయన విద్యార్థులచేతికే తెలియని పదార్థములనిచ్చి విశ్లేషింపజేసెను. ఆయన సహాయకులలో నొకరైన ఫ్రెసేనియస్ 1841లో గుణాత్మక విశ్లేషణముపై ప్రకటించిన గ్రంథము అనేక భాషలలోనికి పోయినది. నేడు తిరుపతిలోనో చిత్తూరులోనో పట్టవిద్యార్థి చేయు లవణ విశ్లేషణము ఆ సంప్రదాయపు దూరపు మనుమడు.

లవణ విశ్లేషణము కాలముచెల్లినదని, యంత్రములు క్షణములో చెప్పుదానిని విద్యార్థి గంటలకొలది వెదకనేల యని విమర్శ కలదు. ఈ విమర్శ సగము నిజము. తెల్లని పొడిలో నేమున్నదో తెలిసికొనుటకే ఆ ప్రయోగమైనచో అది నేడు వ్యర్థమే. కాని దాని ప్రయోజనము వేరు. మూడవ గణపు పరీక్షను చూడుడు. ద్రావణమునకు మొదట అమ్మోనియం క్లోరైడును, పిదప అమ్మోనియం హైడ్రాక్సైడును కలుపవలెను. క్రమము తప్పరాదు. ఏల? క్లోరైడునుండి వచ్చు అమ్మోనియం అయానులు ఉమ్మడి అయాన్ ప్రభావముచే హైడ్రాక్సైడు అయానుల గాఢతను తగ్గించును. అంతట ద్రావణీయతా లబ్ధము మిక్కిలి తక్కువైన ఇనుము, అల్యూమినియం, క్రోమియముల హైడ్రాక్సైడులే అవక్షేపించును. మెగ్నీషియము వంటివి ద్రావణములోనే నిలుచును. రెండు సీసాలను ఏ వరుసలో ఎత్తవలెనన్న చిన్న విషయములో సమతాస్థితి సిద్ధాంతమంతయు ఇమిడియున్నది. దీనిని ఎరిగి చేసిన విద్యార్థికి ఆ మూడు గంటలు వ్యర్థము కావు. ఎరుగక పట్టికను చూచి చేసినవానికి అది వంటకమును చూడక వంట పుస్తకమును వల్లించుటవంటిది.

కాలమును గూర్చి యొక మాట. 2008 ప్రాంతపు రాష్ట్రోమ్మడి పాఠ్యక్రమమున మొదటి సంవత్సరపు రసాయన ప్రయోగములకు వారమునకు 3 గంటల వంతున 90 గంటలు కేటాయింపబడెను. సెమిస్టరు పద్ధతి వచ్చిన పిదప ఒక్కొక్క సెమిస్టరునకు వారమునకు 2 గంటల వంతున 30 గంటలు, అనగా సంవత్సరమునకు 60 గంటలు నిర్ణయింపబడినవి. మూడింట నొక వంతు తగ్గినది. తగ్గుదలకన్న ముఖ్యమైనది ఆ రెండు గంటల స్వభావము. పరికరములను కడిగి, ద్రావణములను తీసికొని, లెక్క వ్రాసి, బల్ల శుభ్రపరచి వెడలుటకు పట్టు కాలమును తీసివేసినచో ఆలోచనకు మిగులు సమయమెంత? తప్పిన ప్రయోగమును మరల చేయుటకు అవకాశమెక్కడ? శాస్త్రవిద్యలో తప్పిన ప్రయోగమే పెక్కుమార్లు గురువు.

పోలికకు అమెరికాను చూడవచ్చును. అక్కడి రసాయన శాస్త్ర సంఘము 1936లో ఒక వృత్తిశిక్షణ సమితిని నియమించినది. కళాశాలలోని రసాయన పాఠ్యక్రమము ఆమోదయోగ్యమా కాదా యని నిర్ణయించుట దాని పని. ఆ సంఘపు 2015 నాటి సూత్రములలో ప్రాథమిక పాఠమునకు పైన 400 గంటల ప్రయోగశాలా పరిశ్రమ ఉండవలెనని కలదు. మన దేశమున 1994లో ఏర్పడిన జాతీయ మదింపు మండలి కళాశాల నంతటిని ఒక సంస్థగా తూచును. భవనములు, గ్రంథాలయము, పరిపాలన, పరిశోధన, ఫలితములు అన్నియు ఆ త్రాసులో చేరును. అది అవసరమే. కాని ఒక శ్రేణిని పొందిన కళాశాలలో రసాయన పాఠ్యక్రమము ఎట్లున్నదను ప్రశ్నకు ఆ శ్రేణి సమాధానము కాదు. విషయమువారీగా, ఆ విషయమెరిగిన వారిచే, ప్రయోగశాల బల్లవద్ద జరుగు మదింపు మనకు కొరతగా నున్నది.

4. పరీక్ష దేనిని కొలుచుచున్నది?

పాఠ్యక్రమము కాగితముపై ఎట్లున్నను, విద్యార్థి చదువునది పరీక్ష కొలుచుదానినే. ఇరువురు విద్యార్థులు పొటాషియం పర్మాంగనేటుతో ఆక్జాలికామ్లమును అంశమాపనము చేసిరనుకొందము. ఇరువురకును ఒకే విలువ వచ్చినది. ఇరువురకును ఒకే మార్కు. అందులో నొకనిని, ద్రావణమును వేడిచేయుట యేలయని అడిగినచో, చర్య మొదట మందముగా నుండుననియు, పుట్టిన మాంగనస్ అయానులు దానిని త్వరపరచుననియు చెప్పును. గంధకికామ్లమునకు బదులు హైడ్రోక్లోరికామ్లమును వాడరాదా యన్నచో, పర్మాంగనేటు క్లోరైడును క్లోరినుగా ఆక్సీకరించుటచే అధికముగా ఖర్చగునని, లెక్క తప్పునని చెప్పును. రెండవవానికి ఈ రెండును తెలియవు. పరీక్ష ఈ భేదమును చూపలేదు. అట్టి పరీక్షపై ఆధారపడిన ఉత్తీర్ణతా శాతము పాఠ్యక్రమపు ప్రమాణమునకు కొలబద్ద కాజాలదు.

మౌఖిక పరీక్ష మన పద్ధతిలో లేకపోలేదు. ప్రయోగపరీక్షలో దానికొక చిన్న భాగము కలదు. కాని పెద్ద తరగతి నొక్కపూటలో ముగింపవలసినప్పుడు అది రెండు నిర్వచనముల అప్పగింతగా కుదించుకొనును. నా అభిప్రాయమున ప్రయోగపరీక్షలో వచ్చిన విలువకు సగము, ఆ విలువ ఎట్లు వచ్చినది, ఎక్కడ తప్పవచ్చును అను వివరణకు సగము ఉండవలెను. ఈ ఒక్క మార్పు, విషయసూచికలో నొక్క పంక్తియైనను చేర్చకయే, ప్రమాణమును పెంచగలదు.

5. భాష: వివరణకు సాధనము

వివరణ యనగానే భాష వచ్చును. తెలుగులో రసాయన శాస్త్రమును వ్రాయు ప్రయత్నము ప్రాతది. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథములతో పాటు శాస్త్ర గ్రంథములను గూడ వెలువరించినది. వేమూరి విశ్వనాథశర్మగారి రసాయన శాస్త్రము వానిలో నొకటి. రామలింగారెడ్డిగారు అర్థశాస్త్రమును తెలుగున వ్రాసినదియు ఆ పరంపరలోనిదే. ఒక చిత్తూరు పండితుడు ఆధునిక శాస్త్రమును తెలుగులో చెప్పవచ్చునని చూపిన నిదర్శన మది.

రాధాకృష్ణ సంఘము ఉన్నతవిద్యలో ఆంగ్లము స్థానమున వీలైనంత త్వరగా భారతీయ భాష రావలెనని చెప్పుచు, శాస్త్ర పరిభాష విషయమున అంతర్జాతీయ పదములను స్వీకరించి మన భాషకు ఇముడ్చుకొనవలెనని సూచించినది. 1964-66 నాటి కొఠారీ సంఘము ప్రాంతీయ భాషా మాధ్యమమును గట్టిగా సమర్థించినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్మీడియటునకు, పట్టమునకు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను సిద్ధపరచినది. గ్రామములనుండి వచ్చిన అనేక తరముల విద్యార్థులు ఆ గ్రంథములతోనే రసాయన శాస్త్రమును చదివిరి. 2021లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2021-22నుండి పట్టపు తరగతులలో ఆంగ్ల మాధ్యమమునే నిర్ణయించుటతో ఆ అధ్యాయము ఒక మలుపు తిరిగినది.

తెలుగు పరిభాషలో దోషములు లేవనుట సత్యము కాదు. ఆమ్లజని అను పదమును చూడుడు. అది ఆక్సిజను అను పదమునకు సరియైన అనువాదము. ఆమ్లమును పుట్టించునది యని అర్థము. ఆమ్లములన్నిటికిని ఈ వాయువే మూలమని లావోసియర్ తలచెను. హైడ్రోక్లోరికామ్లములో అది లేదని డేవీ 1810 ప్రాంతమున చూపెను. అట్లు ఫ్రెంచివారి పొరపాటు మన పదములో యథాతథముగా నిలిచినది. క్షయకరణము అను మాటయు నిట్టిదే. క్షయమనగా తరుగుట. కాని క్షయకరణమున ఎలక్ట్రానులు చేరును. ఏది తరుగుచున్నదని విద్యార్థి అడుగును. తరుగునది ఆక్సీకరణ సంఖ్య.

ఈ దోషములు బోధకునకు శత్రువులు కావు. ఆంగ్లములో ఆక్సిజన్ అను మాట మన విద్యార్థికి అర్థరహితమైన ధ్వని. అందలి పొరపాటు వానికి కనబడదు. ఆమ్లజని యన్నచో పదము విప్పుకొనును. హైడ్రోక్లోరికామ్లములో ఆమ్లజని లేదుగదా, అది ఆమ్లమెట్లయినది యన్న ప్రశ్న దానంతట పుట్టును. ఆ ప్రశ్ననుండి ఆమ్లక్షార సిద్ధాంతములకు దారి యేర్పడును. పారదర్శకమైన పదము తప్పైనను ఆలోచనను రేపును. అపారదర్శకమైన పదము ఒప్పైనను కంఠస్థమగును.

మాధ్యమముపై వాదమును ఇక్కడ తెంచుట నా ఉద్దేశము కాదు. ఆంగ్ల గ్రంథములు లేనిదే పైచదువు సాగదు. తిరుపతిలోనే 2015లో ప్రారంభమైన భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ, భారతీయ సాంకేతిక విద్యాసంస్థ రెండును ఆంగ్లముననే బోధించుచున్నవి. చిత్తూరు పల్లెవిద్యార్థికి ఆ ద్వారములు మూయరాదు. పాఠ్యగ్రంథమే భాషలోనున్నను, తాను చేసిన ప్రయోగమును అవ్వకు తాతకు అర్థమగు తెలుగులో చెప్పగలుగుట విద్యార్థి గ్రహణశక్తికి పరీక్షగా నుండవలెనన్నదే నా మనవి. అట్లు చెప్పలేనివానికి ఆంగ్లమున వచ్చినది జ్ఞానమా, వాక్యమా యని సందేహింపవలసియుండును. మాధ్యమము ఒక్కటైనను వివరణకు రెండు భాషలు ఉండవచ్చును. దీనిని ఏ ఉత్తరువును నిషేధింపదు.

6. స్థానిక పదార్థములు

మన పాఠ్యక్రమమున ఈ సీమ కానరాదు. పొటాష్ పటికను ప్రయోగశాలలో తయారుచేయుదురు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు పటికను వాడుదురని అదే గ్రంథమున లేదు. కలంకారీ యొక సంపూర్ణ రసాయన పాఠము. బట్టను కరక్కాయ కషాయములోను గేదెపాలలోను నానవైతురు. కరక్కాయలోని టానిను నూలును పట్టుకొనును. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారములు పులియబెట్టగా ఏర్పడిన ఆమ్లము ఇనుమును కరగించును. ఆ ద్రవముతో గీసిన గీత టానినుతో కలిసి నల్లబడును. పటిక పూసినచోట అల్యూమినియము చిరివేరువంటి వేళ్లలోని ఎర్రరంగును బట్టకు బంధించును. పూయనిచోట రంగు నిలువదు. నీలిమందు నీటిలో కరగదు. క్షయకరణముచే కరగు రూపమును పొంది బట్టలోనికి పోయి, గాలిలో మరల ఆక్సీకరణమొంది నీలమగును. సంకీర్ణ సమ్మేళనములు, కిణ్వనము, ఆక్సీకరణ క్షయకరణములు అన్నియు ఒక్క బట్టపై నున్నవి.

శేషాచలపు ఎర్రచందనమును చూడుడు. దానిలోని శాంటలిన్ అను ఎర్రని వర్ణకపు నిర్మాణముపై టి. ఆర్. శేషాద్రిగారి బృందము 1970వ దశకపు మొదట ఢిల్లీలో పరిశోధించినది. ఆయన అంతకు పూర్వము 1949వరకు వాల్తేరులో ఆచార్యులు. ఆయన కీర్తికి ఆధారమైనది భారతీయ వృక్షములలోని వర్ణకముల పరిశోధనమే. స్థానిక పదార్థము ప్రమాణమును దిగజార్చుననువారికి ఇంతకుమించిన సమాధానమక్కరలేదు. తిరుపతి చెంత కరకంబాడిలో సీసపు ఆమ్ల బ్యాటరీల పరిశ్రమ కలదు. విద్యుద్రసాయన శాస్త్రమునకు అది జీవత్ప్రమాణము. ఇక నీరు. కాఠిన్యమును కొలుచు అంశమాపనము పట్టపు తరగతిలో నున్నదే. ప్రయోగశాల సహాయకుడు కలిపియిచ్చిన ద్రావణమునకు బదులు ప్రతి విద్యార్థియు తన ఊరి బావినీటినో బోరునీటినో తెచ్చి కొలిచి, ఆ విలువలను ఏటేట ఒక పుస్తకమున వ్రాసినచో పదేండ్లలో ఈ సీమ నీటికి ఒక పటమేర్పడును. విద్యార్థికి తాను చేసిన కొలత నిజముగా కావలసినదన్న స్పృహ కలుగును. కావలసిన కొలతను ఎవడును అజాగ్రత్తగా చేయడు.

7. ఉపసంహారము

ఈ విచారమువలన తేలినది ఇది. ఒక శతాబ్దికాలమున ఈ సీమలో రసాయన శాస్త్ర పాఠ్యక్రమము పలుమార్లు మారినది. ప్రతి మార్పును ఎవరు నిర్ణయింపవలెను, ఎన్నేండ్లుండవలెను, ఏ శీర్షికలు చేరవలెను అను ప్రశ్నలచుట్టు తిరిగినది. విద్యార్థి బల్లవద్ద నేమి చేయగలడు, చేసినదానిని ఎట్లు చెప్పగలడు అను ప్రశ్న వెనుకబడినది. కావున ప్రమాణ నిర్ణయమునకు నాలుగు కొలతలను సూచించుచున్నాను. మొదటిది క్రమము: పైమెట్టు ఎక్కించుటకు ముందు క్రిందిమెట్టు ఉన్నదా యని పట్టపు మొదటి వారములలోనే పరీక్షించి, లేనిచో నేర్పుట. రెండవది హస్తము: తప్పిన ప్రయోగమును మరల చేయుటకు చాలినన్ని ప్రయోగశాలా గంటలు. మూడవది వివరణ: విలువతో సమానముగా కారణమునకు మార్కు, అదియు విద్యార్థి కోరిన భాషలో. నాలుగవది స్థానికత: ప్రతి సంవత్సరమునను కనీసమొక ప్రయోగము ఈ సీమ నీటిపైనో, మొక్కపైనో, వృత్తిపైనో ఉండుట.

2023-24నుండి రాష్ట్రమున మూడు విషయముల పట్టమునకు బదులు ఒకే ప్రధాన విషయముగల పద్ధతి ప్రవేశపెట్టబడినది. రసాయన శాస్త్రమును ప్రధానముగా గొన్న విద్యార్థికి అందు పూర్వముకన్న హెచ్చు అవకాశముండవలెను. ఆ అవకాశమును క్రొత్త శీర్షికలతో నింపుట సులభము. ప్రయోగశాలకు, వివరణకు కేటాయించుట కష్టము. సులభమైనదానినే ఎన్నుకొన్నచో నలుబదేండ్ల తరువాత ఈ పత్రికలోనే మరొకరు ఇదే చరిత్రకు మరొక పుటను చేర్చవలసివచ్చును.

ఈ కార్యమున తెలుగు శాఖకు పని కలదు. రసాయన శాఖతో కలిసి, పట్టపు తరగతిలో నిత్యము వాడు కొలది వందల పదములకు, ఉన్న పదము వెలితిని గూడ చెప్పుచు, ఒక వివరణ పదకోశమును సిద్ధపరచుట మొదటిది. శ్రీకాళహస్తి అద్దకపువారివద్ద, చిత్తూరు బెల్లపు గానుగలవద్ద, కంసాలి కుంపటివద్ద ఇంకను వాడుకలో నున్న మాటలను సేకరించి, వానిలో శాస్త్రమునకు పనికివచ్చువానిని గుర్తించుట రెండవది. ఆ మాటలు వాడువారు వృద్ధులగుచున్నారు. పరిశోధక విద్యార్థులు ఆలసింపరాదు.